గుండ్రని బల్ల చుట్టూ నిబంధనలతో కూర్చోబెట్టడం: లెక్క తప్పకుండా చేసే పద్ధతి

గుంటూరు బ్రాడీపేటలో ఇంటర్ పిల్లలకు లెక్కలు చెబుతాను. ప్రస్తారాలు–సంయోగాలు అధ్యాయం మొదలైందంటే ఒకే సందేహం మళ్లీ మళ్లీ వస్తుంది. వరుసలో నిలబెట్టే లెక్కలను చకచకా చేసేవారు కూడా గుండ్రని బల్ల కనబడగానే ఆగిపోతారు. అందులోనూ "ఫలానా ఇద్దరు పక్కపక్కన కూర్చోకూడదు" అనే నిబంధన చేరితే, సూత్రం గుర్తున్నా జవాబు తప్పుతుంది.

తప్పు ఎక్కడ జరుగుతుందో చాలా ఏళ్లుగా గమనిస్తున్నాను. దాదాపు ప్రతిసారీ ఒకటే కారణం. వృత్తాన్ని ఒక్కసారే విప్పాలి, అంటే ఒకరిని ఒక చోట కూర్చోబెట్టి, మిగిలిన స్థానాలను వరుసలా చూడాలి. పిల్లలు దాన్ని అసలు విప్పరు, లేదా రెండుసార్లు విప్పుతారు. ఈ మార్గదర్శి అంతా ఆ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది.

## 1. ముందుగా సిద్ధం చేసుకోవలసినవి

ఒక స్టీలు పళ్లెం, 8 చిన్న కాగితం ముక్కలు, ఒక పెన్ను తీసుకోండి. ఇది చిన్నపిల్లల ఆట కాదు. మొదటి వారం రోజులు పళ్లెం తిప్పి చూసిన పిల్లలు తరువాత బొమ్మ లేకుండానే లెక్క చేయగలుగుతున్నారు.

కాగితాల మీద ఈ పేర్లు రాయండి: తాతయ్య, నానమ్మ, నాన్న, అమ్మ, బాబాయి, పిన్ని, మామయ్య, అత్తయ్య. నాలుగు జంటలు, మొత్తం ఎనిమిది మంది. కార్తిక మాసంలో ఉండవల్లి దగ్గర ఒక తోటకు వనభోజనానికి వెళ్లి, ఉసిరి చెట్టు చుట్టూ గుండ్రంగా విస్తళ్లు వేసుకున్నారనుకుందాం. చివరి వరకు వీరే మన ఉదాహరణ.

ఈ క్రమగుణితాలు నోటికి రావాలి (4! అంటే 4 × 3 × 2 × 1):

- 3! = 6
- 4! = 24
- 5! = 120
- 6! = 720
- 7! = 5040
- 8! = 40320

## 2. ప్రశ్న చదివి మూడు సంగతులు తేల్చుకోండి

పెన్ను కాగితం మీద పెట్టకముందే వీటికి జవాబు చెప్పుకోవాలి.

- స్థానాలన్నీ ఒకేలా ఉన్నాయా, లేక కుర్చీలకు అంకెలు వేసి ఉన్నాయా?
- తిరగేసి చూస్తే అదే అమరిక అవుతుందా? (మనుషులను తిరగేయలేం, పూసల దండను తిరగేయగలం.)
- అందరూ, లేదా అన్నీ, వేర్వేరా? ఒకే రకం పూసలు ఉన్నాయా?

కుర్చీలకు 1 నుంచి 8 వరకు అంకెలు ఉంటే బల్ల గుండ్రంగా ఉన్నా అది వరుస లెక్కే. జవాబు 8!, అంటే 40320. "గుండ్రని" అన్న మాట చూడగానే ఒకటి తగ్గించే అలవాటు ఇక్కడ ముంచుతుంది.

## 3. మొదటి మనిషిని కూర్చోబెట్టండి

పళ్లెంలో ఎనిమిది కాగితాలు గుండ్రంగా అమర్చి పళ్లెం తిప్పండి. ఎవరి పక్కన ఎవరున్నారో మారలేదు కాబట్టి అది అదే అమరిక. ఇలా ఒక్కో అమరిక ఎనిమిది సార్లు కనబడుతుంది. దీన్ని తప్పించడానికి తాతయ్యను ఒక చోట కూర్చోబెట్టేయండి. ఖాళీ వృత్తంలో అన్ని చోట్లూ సమానమే కాబట్టి ఆయనకు ఒకటే మార్గం.

ఆయన కూర్చున్న క్షణం నుంచి అది వృత్తం కాదు. "తాతయ్యకు కుడిపక్క స్థానం", "తాతయ్యకు ఎదురు స్థానం" అంటూ మిగిలిన ఏడు స్థానాలకూ పేర్లు వచ్చేశాయి. ఏడుగురిని ఆ ఏడు స్థానాల్లో 7! = 5040 విధాలుగా కూర్చోబెట్టవచ్చు. ఎన్ మందికి (ఎన్ − 1)! అనే సూత్రం పుట్టింది ఇక్కడే.

సూత్రం కంటే నేను పిల్లలకు నేర్పే ప్రశ్న ఇది: మొదటి మనిషికి ఎన్ని రకాల స్థానాలు ఉన్నాయి? ఈ ప్రశ్న ఏ ఆకారం బల్లకైనా పనికి వస్తుంది. విజయవాడ హోటళ్లలో కనిపించే చతురస్రపు బల్ల తీసుకోండి, వైపుకు ఇద్దరు చొప్పున ఎనిమిది మంది. ప్రతి వైపూ ఎడమ కుర్చీ ఒక రకం, కుడి కుర్చీ ఒక రకం. మొదటి మనిషికి 2 మార్గాలు, మిగిలినవారికి 7!. మొత్తం 10080.

పొడవాటి బల్లకు పొడవు వైపుల ముగ్గురేసి, చివరల ఒక్కొక్కరు కూర్చుంటే నాలుగు రకాల కుర్చీలు ఉంటాయి. జవాబు 4 × 5040 = 20160. గుండ్రని బల్లకు ఒకటే రకం. అంతే తేడా.

## 4. "పక్కపక్కనే ఉండాలి" అంటే మూట కట్టండి

తాతయ్య, నానమ్మ పక్కపక్కనే కూర్చోవాలి. ఇద్దరినీ ఒక మూటగా కట్టండి. ఒక మూట, ఆరుగురు మనుషులు కలిపి ఏడు యూనిట్లు. వృత్తంలో ఏడు యూనిట్లకు 6! = 720. మూటలో ఎవరు కుడి, ఎవరు ఎడమ అన్నదానికి 2. మొత్తం 1440.

నలుగురు స్త్రీలూ కలిసి కూర్చోవాలంటే ఒక మూట, నలుగురు పురుషులు కలిపి ఐదు యూనిట్లు. 4! × 4! = 576.

ఇక్కడ పిల్లలు ఆశ్చర్యపోయే సంగతి ఒకటి ఉంది. "స్త్రీలంతా ఒకచోట, పురుషులంతా ఒకచోట" అని అడిగినా జవాబు 576 మాత్రమే. వృత్తంలో స్త్రీలు ఒకచోట చేరితే మిగిలిన భాగంలో పురుషులు తమంతట తామే ఒకచోట చేరతారు. వరుసలో ఇది నిజం కాదు. అందుకే వరుస లెక్కలో నేర్చుకున్న "రెండు మూటలకు 2!" ఇక్కడికి తేకూడదు. రెండు మూటలకు వృత్తంలో 1! మాత్రమే.

నాలుగు జంటలూ విడిపోకుండా కూర్చోవాలంటే నాలుగు మూటలకు 3!, ఒక్కో మూట లోపల 2. అంటే 6 × 16 = 96.

## 5. "ఆ ఇద్దరు పక్కపక్కన వద్దు"

దీనికి రెండు దారులున్నాయి. రెండూ నేర్చుకోండి, ఒకదానితో చేసి రెండోదానితో సరిచూసుకోవచ్చు.

అత్తయ్య, పిన్ని పక్కపక్కన ఉండకూడదు అనుకుందాం. మొదటి దారి తీసివేత: మొత్తం 5040 నుంచి కలిసి ఉన్న 1440 తీసేస్తే 3600.

రెండో దారి నేరుగా: అత్తయ్యను కూర్చోబెట్టండి. మిగిలిన ఏడు స్థానాల్లో ఆమెకు అటూ ఇటూ ఉన్న రెండూ పోగా పిన్నికి 5. మిగతా ఆరుగురికి 6!. 5 × 720 = 3600. రెండూ కలిశాయి.

## 6. "ఏ ఇద్దరూ పక్కపక్కన వద్దు" అంటే ఖాళీలు వాడండి

నలుగురు స్త్రీలలో ఏ ఇద్దరూ పక్కపక్కన ఉండకూడదు. వరుస ఇలా:

1. నిబంధన లేనివారిని, అంటే పురుషులను, ముందు వృత్తంలో కూర్చోబెట్టండి: 3! = 6.
2. వారి మధ్య ఖాళీలు లెక్కపెట్టండి: 4.
3. ఖాళీకి ఒకరు చొప్పున స్త్రీలను పంపండి: 4! = 24.
4. గుణించండి: 144.

స్త్రీ, పురుషులు ఏకాంతరంగా (ఒకరు విడిచి ఒకరు) కూర్చోవాలన్నా ఇదే లెక్క, సంఖ్యలు సమానం కాబట్టి.

ఈ మెట్టులో రెండు గోతులున్నాయి. వరుసలో నలుగురి మధ్య, చివరలతో కలిపి ఐదు ఖాళీలు. వృత్తానికి చివరలు లేవు కాబట్టి నాలుగే. ఇది మొదటి గొయ్యి.

రెండోది ఇంకా లోతైనది. చాలామంది పురుషులకు 3!, స్త్రీలకు కూడా 3! వేసి 36 అంటారు. స్త్రీలు కూడా వృత్తంలోనే కదా అని వారి వాదన. కానీ పురుషులు కూర్చోగానే వృత్తం విడిపోయింది. "తాతయ్యకూ నాన్నకూ మధ్య ఖాళీ" అని ప్రతి ఖాళీకీ పేరు వచ్చింది. పేరున్న నాలుగు చోట్లకు నలుగురిని పంపడం 4!. వృత్తాన్ని రెండోసారి విప్పకూడదు.

సంఖ్యలు సమానం కాకపోతే ఖాళీలను ఎంచుకోవాలి. ఐదుగురు అబ్బాయిలు, ముగ్గురు అమ్మాయిలు భవానీ ద్వీపంలో గుండ్రంగా కూర్చున్నారు, ఏ ఇద్దరు అమ్మాయిలూ పక్కపక్కన లేరు. అబ్బాయిలకు 4! = 24. ఐదు ఖాళీల్లో ముగ్గురికి 5 × 4 × 3 = 60. మొత్తం 1440.

మాటలను కూడా జాగ్రత్తగా చదవండి. "నలుగురు స్త్రీలూ ఒకేచోట ఉండకూడదు" వేరు, "ఏ ఇద్దరు స్త్రీలూ పక్కపక్కన ఉండకూడదు" వేరు. మొదటిదానికి 5040 − 576 = 4464. రెండోదానికి 144. ఒక్క మాట తేడాతో జవాబు ఎంత మారిందో చూడండి. ఇలాంటి ప్రశ్నలో నిబంధన కింద గీత గీయమని అందుకే పట్టుబడతాను.

## 7. "ఎదురుగా", "మధ్యలో ఇంతమంది" అంటే స్థానాలు లెక్కపెట్టండి

తాతయ్యకు సరిగ్గా ఎదురుగా నానమ్మ కూర్చోవాలి. తాతయ్యను కూర్చోబెడితే నానమ్మకు ఒకటే స్థానం. మిగిలినవారికి 6! = 720. ఇక్కడ 2 పెట్టి గుణించకండి. ఎదురు స్థానం కుడి నుంచి వచ్చినా, ఎడమ నుంచి వచ్చినా అదే.

ఇద్దరి మధ్య సరిగ్గా ఒకరే ఉండాలంటే నానమ్మకు రెండు స్థానాలు, కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి. 2 × 720 = 1440.

దూరం అడిగిన లెక్కల్లో మూట కట్టడం మానేయండి. ఉదాహరణకు తాతయ్యకు ఎదురుగా నానమ్మ, అమ్మ పక్కన నాన్న ఉండాలి. అమ్మానాన్నలను మూట కడితే యూనిట్లు ఏడవుతాయి. ఏడు యూనిట్లలో "ఎదురు" అన్న మాటకు అర్థమే లేదు. పళ్లెం ముందు పెట్టుకుని చేయండి:

1. తాతయ్య: 1. నానమ్మ ఎదురుగా: 1.
2. ఇద్దరికీ అటు మూడు, ఇటు మూడు స్థానాలు మిగిలాయి.
3. మూడు స్థానాల వరుసలో పక్కపక్క జతలు 2. రెండు వైపులా కలిపి 4.
4. ఎంచుకున్న జతలో అమ్మానాన్నలు 2 విధాలు.
5. మిగిలిన నలుగురికి 4! = 24.

4 × 2 × 24 = 192.

## 8. నిబంధనలు ఒకరి మీదే పడినప్పుడు

ఎవరి మీద ఎక్కువ నిబంధనలు ఉన్నాయో వారినే ముందు కూర్చోబెట్టండి. మొదట ఎవరిని కూర్చోబెట్టినా జవాబు మారదు, కానీ దారి సుగమం అవుతుంది.

అమ్మ పక్కన పిన్ని ఉండాలి, అత్తయ్య మాత్రం అమ్మ పక్కన ఉండకూడదు. రెండు నిబంధనల్లోనూ అమ్మ ఉంది కాబట్టి ఆమెనే కూర్చోబెడదాం. పిన్నికి 2 స్థానాలు. అమ్మకు రెండో పక్క అత్తయ్య కాకుండా ఐదుగురిలో ఒకరు. మిగిలిన ఐదుగురికి 5! = 120. అంటే 2 × 5 × 120 = 1200.

సరిచూద్దాం. అమ్మ, పిన్ని కలిసి ఉన్నవి 1440. వాటిలో అమ్మకు ఇరుపక్కలా పిన్ని, అత్తయ్య ఉన్నవి 2 × 120 = 240. తీసేస్తే 1200.

## 9. ఏ జంటా పక్కపక్కన లేకుండా

నన్ను ఎక్కువమంది అడిగేది ఇదే, కాబట్టి నెమ్మదిగా వెళ్దాం. నాలుగు జంటల్లో ఏ భార్యాభర్తలూ పక్కపక్కన ఉండకూడదు.

మొత్తం నుంచి "ఒక జంట కలిసి ఉన్నవి" తీసేస్తే సరిపోతుందని మొదట అనిపిస్తుంది. కానీ తాతయ్య జంట, నాన్న జంట రెండూ కలిసి ఉన్న అమరికను తాతయ్య పేరున ఒకసారి, నాన్న పేరున ఒకసారి, రెండుసార్లు తీసేస్తాం. అదనంగా పోయినదాన్ని తిరిగి కలపాలి. అలా కలిపినప్పుడు మూడు జంటలు కలిసి ఉన్నవి ఎక్కువవుతాయి, వాటిని మళ్లీ తీయాలి. ఇలా తీస్తూ, కలుపుతూ వెళ్లాలి.

- ఏ నిబంధనా లేకుండా: 7! = 5040
- ఒక జంటను మూట కడితే: 4 ఎంపికలు × 2 × 6! = 5760
- రెండు జంటలను: 6 ఎంపికలు × 4 × 5! = 2880
- మూడు జంటలను: 4 ఎంపికలు × 8 × 4! = 768
- నాలుగింటినీ: 1 × 16 × 3! = 96

ఇప్పుడు 5040 − 5760 + 2880 − 768 + 96 = 1488.

మధ్యలో 5040 − 5760 దగ్గర రుణసంఖ్య వచ్చిందని భయపడి చెరిపేసేవారు ఉన్నారు. అది తప్పు కాదు, రెండు మూడుసార్లు తీసేసినవి అందులో ఉన్నాయి. చివరి వరకు వెళ్లండి.

పద్ధతి మీద నమ్మకం కుదరాలంటే రెండు జంటలతో చేసి చూడండి. సూత్రం 6 − 8 + 4 = 2 అంటుంది. కాగితాలతో అమర్చండి: భార్యాభర్తలు ఎదురెదురుగా ఉండాల్సిందే, మిగతా ఇద్దరిని రెండు విధాలుగా వేయవచ్చు. సరిగ్గా 2.

దీనికి ఏకాంతర నిబంధన కూడా చేరిస్తే లెక్క తేలికవుతుంది. తాతయ్య, నాన్న, బాబాయి, మామయ్య ఆ క్రమంలో కూర్చున్నారనుకోండి. నానమ్మకు తాతయ్య ఇరుపక్కల ఖాళీలు పనికిరావు. నాన్న–బాబాయి మధ్య, లేదా బాబాయి–మామయ్య మధ్య మాత్రమే కూర్చోగలదు. మొదటిది ఎంచుకుంటే అత్తయ్య తాతయ్య–నాన్న మధ్యకు వెళ్లక తప్పదు, దాంతో పిన్ని మామయ్య–తాతయ్య మధ్యకు, అమ్మ బాబాయి–మామయ్య మధ్యకు వెళ్తారు. రెండోది ఎంచుకున్నా ఇలాగే ఒకే దారి. కాబట్టి స్త్రీలకు 2, పురుషులకు 3! = 6. జవాబు 12.

## 10. దండలు, పూసలు

ఏడు వేర్వేరు రంగుల పూసలతో దండ కడితే తిరగేసినా అదే దండ. అందుకే 6! ÷ 2 = 360. రెండు ప్రత్యేక పూసలు పక్కపక్కనే ఉండాలంటే 5! × 2 ÷ 2 = 120.

మనుషుల లెక్కలోనూ ఒక సందర్భంలో సగం చేయాలి. "ఏ రెండు అమరికల్లోనూ అందరికీ అదే ఇరుగుపొరుగు ఉండకూడదు" అని అడిగితే కుడిఎడమలు మారిన అమరిక కొత్తది కాదు. ఏడుగురికి 360.

ఒకే రకం పూసలు ఉన్నప్పుడు సూత్రాన్ని గుడ్డిగా వాడకండి. రెండు ఎర్రపూసలు, రెండు తెల్లపూసలు వృత్తంలో ఉంచాలి. 3! ÷ (2! × 2!) వేస్తే ఒకటిన్నర వస్తుంది. అమరికలు ఒకటిన్నర ఉండవు. చేత్తో పేర్చి చూస్తే రెండు: ఎర్రవి పక్కపక్కన, ఎర్రవి ఎదురెదురుగా.

ఒంటరి పూస ఒకటి ఉంటే మాత్రం గట్టెక్కుతాం. ఒక పసుపు, రెండు తెలుపు, నాలుగు ఎరుపు పూసల దండ తీసుకోండి. పసుపుపూసను కదలకుండా ఉంచితే ఆరు స్థానాల్లో తెల్లవాటికి 15 ఎంపికలు. తిరగేసినా మారనివి వీటిలో 3, ఎందుకంటే తెల్లపూసలు పసుపుకు అటూ ఇటూ సమాన దూరంలో ఉండాలి. మిగిలిన 12 ఎంపికలు రెండేసి చొప్పున కలిసి 6 అవుతాయి. మొత్తం 9. పదిహేనును రెండుతో భాగించి ఏడున్నర రాసేవారు ఇక్కడ ఆగి ఆలోచించాలి.

## 11. తప్పు ఎక్కడ జరిగిందో పట్టుకోవడం

- జవాబు చాలా చిన్నదైతే: ఖాళీల దగ్గర మళ్లీ ఒకటి తగ్గించారేమో చూడండి.
- జవాబు రెట్టింపైతే: "ఎదురుగా" దగ్గర 2 పెట్టారా? దండను తిరగేయడం మరచారా?
- జవాబు సగమైతే: మూట లోపలి 2 మరచారా? మనుషులను తిరగేశారా?
- భిన్నం వస్తే: ఒకే రకం వస్తువుల మీద (ఎన్ − 1)! వాడారు.
- పదిమందిలో ఆరుగురినే కూర్చోబెట్టమంటే: ముందు ఎంపిక, తరువాత వృత్తం. 210 × 5! = 25200.

ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్‌లో 180 నిమిషాలకు 160 ప్రశ్నలు, అందులో 80 గణితానివే. ఒక్కో ప్రశ్నకు నిమిషం పైచిలుకు సమయం మాత్రమే ఉంటుంది. ఆప్షన్లలో 36, 144 రెండూ కనిపిస్తే తొందరపడకండి. వృత్తాన్ని ఎన్నిసార్లు విప్పారో ఒక్కసారి చూసుకుని గుర్తు పెట్టండి.

## 12. చేసి చూడండి

తొమ్మిది మంది స్నేహితులు గుండ్రంగా కూర్చున్నారు. వారిలో ముగ్గురు గుంటూరు వారు, ఆరుగురు విజయవాడ వారు.

1. గుంటూరు వారు ముగ్గురూ ఒకేచోట: 6! × 3! = 4320.
2. గుంటూరు వారిలో ఏ ఇద్దరూ పక్కపక్కన లేకుండా: 5! × 6 × 5 × 4 = 14400.
3. గుంటూరు వారిలో సరిగ్గా ఇద్దరు పక్కపక్కన, మూడోవారు విడిగా: విజయవాడ వారికి 5!. జతను ఎంచుకోవడానికి 3, జత లోపల 2. ఆరు ఖాళీల్లో జతకు 6, మూడోవారికి 5. మొత్తం 21600.

ఈ మూడింటిలో ఏదో ఒకటి జరిగి తీరాలి, రెండు ఒకేసారి జరగవు. కూడి చూడండి: 4320 + 14400 + 21600 = 40320. అది 8!.